బిడ్డ అంటే ఎవరు

పేర్లు రాయను. ఆ జాతి పేరు కూడా రాయను. ఒకసారి రాసి చేసిన నిర్వాకం చాలు.

మధ్యాహ్నం మూడింటికి తలుపు కొట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందులో ఆ వేళకి తలుపు కొట్టేది రెండే రకాలు. పైఅంతస్తు వాళ్ల పార్సెలు నాకు అంటగట్టే కొరియర్ వాళ్లు ఒకటి, హాస్టల్లో బెడ్ ఖాళీ ఉందా అని అడిగే కోచింగ్ పిల్లలు రెండోది. కసురుదామనే తీశాను. గుమ్మంలో ఒక నడివయసు మనిషి, ఆమె వెనక ఒక పిల్ల. ఆ మనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చేతిలో ఉన్న గుడ్డమూట విప్పి, అందులోంచి ఒక పుస్తకం తీసి, తెరిచి, ఒక ఫోటో మీద వేలు పెట్టింది.

"చిన్నమ్మా, గీ పొయ్యి పక్కన పండుకున్న పొల్ల ఉన్నది సూడు. గది నేనే."

పుస్తకం నేను రాసింది. ఫోటో నేను తీసింది. ఆ పిల్ల పుట్టి అప్పటికి మూడో రోజు. వాళ్లమ్మ నన్ను "చెల్లె" అని పిలిచేది కాబట్టి ఈమెకు నేను చిన్నమ్మనయ్యాను. నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఆ వరస మా మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నాను. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"పోయింది చిన్నమ్మా. నాలుగేండ్లాయె."

ఎక్కడ పోయింది, ఎలా పోయింది అని అడగాలి కదా మనిషన్నాక. అడగలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

సంగతి చెప్పింది కూతురు. పద్దెనిమిదేళ్లుంటాయి, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. బీఎస్సీ నర్సింగులో ఎస్టీ కోటాలో సీటు వచ్చింది. వచ్చిన వారానికే ఎవడో పుణ్యాత్ముడు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు, వీళ్లు ఆ జాతివాళ్లు కారు, దొంగ సర్టిఫికెట్ అని. కాలేజీవాళ్లు సర్టిఫికెట్‌ను విచారణకు పంపారు. విచారణ కమిటీ తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి మీ దేవుడెవరు, పెళ్లిలో ఏం కడతారు, చస్తే ఏం చేస్తారు, పుడితే ఏం చేస్తారు అని అడిగింది. ఆ జాతి మీద ఉన్నది ఒకే ఒక్క పుస్తకం. నాది. జవాబులు దాంతో సరిపోతే సర్టిఫికెట్ నిజం, లేకపోతే దొంగది. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప.

పిల్ల ఆ కాగితం నా చేతికిచ్చింది. శిశువు పుట్టినప్పుడు బొడ్డుతాడును ఏం చేస్తారన్నది ప్రశ్న. వీళ్లు చెప్పింది: ఆడపిల్లదైతే పొయ్యి కింద పాతుతాం, మగపిల్లవాడిదైతే సామాను మూటలో కట్టి గాడిద మీద వేస్తాం. నా పుస్తకంలో ఉన్నది: ఆడైనా మగైనా బొడ్డుతాడు పొయ్యి కిందే. పక్కన ఎర్రసిరాతో "ప్రామాణిక గ్రంథంతో సరిపోలేదు" అని రాసి, కింద గీత కొట్టారు.

"కమిటీ కాయం చేస్తేనే సీటు మేడం," అంది పిల్ల. "వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం సాయంత్రం ఐదింటిలోపల వాళ్ల ఆర్డరు వెబ్‌సైట్ల పెట్టాలె. లేకుంటే సీటు వేరేటోళ్లకు పోతది. మీరు ఒక్క లెటరు రాస్తే..." ఆగింది. "మేడం, పుస్తకంల ఉన్నది..."

తల్లి మోచేత్తో పొడిచింది.

"అంటే, గట్ల ఎందుకు రాసిన్రు అని," అని మాట మార్చింది పిల్ల.

ఆ కాగితాన్నే మళ్లీ చదువుతున్నట్టు తల వంచుకున్నాను. ఎందుకంటే పుస్తకంలో ఉన్నది తప్పని నాకు తెలుసు.

ఈ కథ చెప్పాలంటే నా గొప్ప కూడా చెప్పాలి, తప్పదు. మా డిపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఫీల్డుకు వెళ్లిన మొదటి ఆడదాన్ని నేను. మనుషుల మధ్య ఉండి మనుషుల్ని చదవడం మా శాస్త్రం. అంతవరకూ ఆడపిల్లలు ఎమ్మే పాసై, మగవాళ్లు తెచ్చిన నోట్సుకు ఫెయిర్ కాపీలు రాసిపెట్టేవాళ్లు. "గుడారాల్లో ఎక్కడ పడుకుంటావమ్మా, స్నానం ఎక్కడ చేస్తావు?" అని మా మాస్టారు నలుగురి ముందు అడిగారు. వాళ్ల ఆడవాళ్లు ఎక్కడ చేస్తే అక్కడే అన్నాను. మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఖాయమైన సంబంధం వాళ్లు గాడిదల వెంట తిరిగే పిల్ల మాకొద్దని కబురు పెట్టారు. పొండి పొమ్మనుకున్నాను. ఇరవై నాలుగేళ్లు నాకప్పుడు. ఒక ట్రంకుపెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, డజను నోటుబుక్కులు పట్టుకుని, నల్లగొండ పల్లెల్లో ఈతాకు చాపలు అల్లి అమ్ముకుంటూ ఊరూరూ తిరిగే ఆ గుంపు వెనకాల పధ్నాలుగు నెలలు తిరిగాను. చేతులు కోసుకుపోయేలా చాపలు అల్లాను. నాకు జ్వరమొస్తే నెత్తిన తడిగుడ్డ వేసి కూర్చున్నది ఈ తల్లి తల్లి. అక్క అనేదాన్ని.

మాది కృష్ణా జిల్లా. నాన్న ఉద్యోగంతో పట్నం వచ్చాం. తెలుగు ఎక్కడైనా తెలుగే కదా అనే పొగరు నాది. నేను వెళ్లిన మూడో వారంలో అక్క కాన్పు అయింది. ముసలామె ఎవరో బొడ్డుతాడు తీసి పొయ్యిరాళ్ల మధ్య గుంట తవ్వి పెట్టింది. ఇదేంటక్కా అని అడిగాను. అక్క పక్క మీంచే చెప్పింది:

"బిడ్డ పుడితే గింతే చెల్లె. పొయ్యి కింద పెడతం."

మా వైపు బిడ్డ అంటే ఆడో మగో, ఎవరైనా బిడ్డే. నలుగురు బిడ్డల తల్లి అంటే అందులో కొడుకులూ ఉంటారు. తెలంగాణలో బిడ్డ అంటే కూతురు. కొడుకు వేరు, బిడ్డ వేరు. ఇక్కడ మా వీధి చివర కూరగాయల బండి ఆమెను అడిగినా చెప్తుంది, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ అని. మూడో వారానికి ఆ సంగతి నాకు తెలియదు. పైగా మాస్టారు మెచ్చుకోవాలని నోట్సు ఇంగ్లీషులో రాసుకునేదాన్ని. 'శిశువు పుడితే' అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట రాసేసి నిద్రపోయాను. ఆ తర్వాత రెండు నెలల్లో బిడ్డ అంటే ఎవరో నాకు శుభ్రంగా తెలిసింది. కానీ నోట్సులోంచి నేను ఎక్కించుకున్న కార్డు మీద ఉన్నది ఇంగ్లీషు. అందులో బిడ్డ అనే మాటే లేదు, ఇంక అనుమానం ఎలా వస్తుంది? ఆ పధ్నాలుగు నెలల్లో నా కళ్లముందు మరో కాన్పు కాలేదు.

పప్పులో కాలేశాను. అక్కడితో ఆగానా? ఆ ఒక్క ముక్క పట్టుకుని ఒక అధ్యాయమంతా అల్లాను. ఈ జాతిలో కొడుక్కీ కూతురికీ పొయ్యి దగ్గర ఒకటే చోటు, చదువుకున్న మనం వీళ్లని చూసి సిగ్గుపడాలి అని. పుస్తకానికి పేరు తెచ్చింది ఆ అధ్యాయమే. ఉద్యోగం దాని వల్లే వచ్చింది. సభల్లో నన్ను పరిచయం చేస్తూ "తొలి మహిళ" అని మొదలుపెట్టి ఆ పొయ్యి దగ్గరికే వచ్చేవాళ్లు. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. పుస్తకం అచ్చయిన కొత్తలో ఒక కాపీ తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాను. కూతురి ఫోటో చూసి మురిసిపోయి పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. మళ్లీ వెళ్లలేదు. పనులు.

పుస్తకం వచ్చిన పదేళ్లకి తెలుగులో వేస్తామన్నారు. పాత నోటుబుక్కులు తీశాను. కాన్పు రోజు పేజీ అంచున, ఆమె ఎలా అందో అలాగే, పెన్సిలుతో తెలుగులో గీకి ఉంది. బిడ్డ పుడితే గింతే చెల్లె. నేనే గీకాను, నేనే మర్చిపోయాను. చదివి అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఆ నెలలోనే ఉంది. ఇప్పుడు చెబితే అధ్యాయం పోతుంది, అధ్యాయం పోతే పుస్తకం పోతుంది, ఒంటరిగా పంపితే ఇలాగే తగలేసి వస్తారు ఆడవాళ్లు అంటారు. ఇలా ఎన్ని కారణాలు చెప్పుకున్నానో! తెలుగు పుస్తకంలో "శిశువు పుడితే" అని రాశాను. తెలిసి రాశాను. ఇంటర్వ్యూలో నెగ్గాను. అప్పటినుంచి ముప్పై మూడేళ్లు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ పిల్ల నా సోఫాలో కూర్చుని గట్ల ఎందుకు రాసిన్రు అంటోంది. "తప్పు రాశానమ్మా." రెండే రెండు మాటలు. నోరు తెరిచాను. వేరేవి వచ్చాయి.

"చూడమ్మా, ఆచారాలు కాలంతో పాటు మారుతుంటాయి. అప్పట్లో అలా ఉండేది. ఇప్పుడు మీరు ఇలా చేస్తున్నారు. అందులో వింతేం లేదు. అదే రాసిస్తాను."

"మారలేదు మేడం," అంది పిల్ల. "ముందుకెల్లి గిట్లనే."

"ఊకో," అని కసిరింది తల్లి. "చిన్నమ్మకు ఎరుక లేదా? నీకంటె ఎక్కువ చదువుకున్నది."

ఆ తల్లి బొడ్డుతాడే ఆ పొయ్యి కింద ఉన్నది. దాని సంగతి ఆమెకంటే నాకే బాగా తెలుసన్నట్టు మాట్లాడాను. నా పాత హోదాలన్నీ అచ్చేసిన లెటర్‌హెడ్ తీసి, చక్కని ఇంగ్లీషులో ముప్పావు పేజీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. తల్లి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. అచ్చం వాళ్లమ్మ లాగే.

"మా అమ్మ ఉంటే మస్తు సంబురపడేది చిన్నమ్మా," అంది వెళ్లేముందు.

ఎనిమిదో రోజు, గురువారం, ఫోన్ వచ్చింది. ముందు ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. ఆ తర్వాత తల్లి గొంతు.

"చిన్నమ్మా, కొట్టేసిన్రు. నీ లెటరు పట్టుకొనే కొట్టేసిన్రట."

ఆర్డరు కాపీ పిల్ల ఫోన్లో పంపింది. కళ్లజోడు తుడుచుకుని చదివాను. పాత ఆచారం గ్రంథంలో ఉన్నట్టే ఉండేదని గ్రంథకర్త స్వయంగా ధ్రువీకరించారు. అభ్యర్థి కుటుంబానికి ఆ పాత ఆచారం తెలియదు. కావున వీరు ఆ జాతికి చెందినవారని నమ్మడానికి ఆధారం లేదు. కావున అట! ఆ కావునకి కత్తి నేనే నూరి ఇచ్చాను. అసలు ఉత్తరమే రాయకుండా ఉంటే సందేహం మిగిలేది. నేను రాసి సందేహం తీర్చాను. వాళ్లకది గోరుచుట్టు మీద రోకటిపోటు. నా పరువు నిలబడింది, పిల్ల కులం పోయింది.

ఆటో ఎక్కి కర్మన్‌ఘాట్ వెళ్లాను. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే డ్రైవర్ మీద అరిచాను. "ఎగిరి పోవాల్నా అమ్మా?" అన్నాడు. ఎగరాలనే ఉంది. గుడి వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. పిల్ల తండ్రి ట్రాలీ ఆటో మీద బయటికి పోయాడట. గోడ నిండా గుండె బొమ్మలు, మూత్రపిండాల బొమ్మలు, పిల్ల రంగు పెన్నులతో వేసుకున్నవి. పిల్ల చాప మీద కూర్చుని ఫోన్లో ఏదో నంబరు రాసుకుంటోంది. ఏంటమ్మా అంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌కు మనుషులు కావాలట మేడం, అంది. మామూలుగానే అంది. ఆ మామూలు గొంతు విని నాకు భయం వేసింది. ఏడ్చినా బాగుండేది.

"పుస్తకంలోనే తప్పుంది," అన్నాను. "నేను కమిటీకి వచ్చి చెప్తాను. సోమవారం దాకా టైముంది కదా."

తల్లి లేచి నిలబడింది. "నిజంగనా చిన్నమ్మా?"

"అప్పట్లో భాష సరిగ్గా రాక పొరపాటు పడ్డట్టున్నాను."

పడ్డట్టున్నాను! ఛీ, ఆ మాట కూడా పూర్తిగా రాలేదు నా నోటికి. తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. పిల్ల మాత్రం నా వైపే చూస్తోంది, ఇంకా ఏదో ఉంది కదా అన్నట్టు. నేను గోడ మీది గుండె బొమ్మ చూశాను.

శుక్రవారం పొద్దున్నే కమిటీ ఆఫీసుకు వెళ్లాను. బెంచీ మీద మూడు గంటలు. డెబ్భై రెండేళ్ల మనిషిని, నా పేరు చెబితే నిలబడేవాళ్లు ఒకప్పుడు. ఇక్కడ నా పేరు రెండుసార్లు తప్పుగా పిలిచారు. చివరికి ఫైలు చూసే అధికారి లోపలికి రమ్మన్నాడు. నల్లగొండ వైపు మనిషి, యాసలోనే తెలిసిపోయింది. చెప్పాల్సింది చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి నవ్వాడు.

"బిడ్డంటే బిడ్డనే గదా మేడం. మా ఊర్ల చిన్న పోరన్ని అడిగినా చెప్తడు."

అరనిమిషంలో అర్థమైపోయింది ఆయనకి. నా ఉద్యోగకాలమంతా ఆ అరనిమిషంలో తేలిపోయింది. బతికించావు నాయనా అనుకున్నాను. తొందరపడ్డాను.

"నాకు అర్థమైంది సరే. మొన్నటి మీ లెటరు ఫైల్ల ఉన్నది. అది ఒకటి చెప్తది, మీరు ఇంకోటి చెప్పవట్టిరి. ఏది నమ్మాలె? మొదటి లెటరు తప్పని, పుస్తకం తప్పని అఫిడవిట్ ఇయ్యుండ్రి. అప్పటి నోటుబుక్కు అసలుది తీసుకురండ్రి. సోమవారం పదకొండింటికి పెద్దసారు ముందట పెడ్త. ఆయన సంతకం గావాలె." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటి ఆలోచించుకోండ్రి మేడం. గిది ఫైలుకు ఎక్కినంక మీ పుస్తకం పేరు చెప్తే ఎవరు ఖాతరు చెయ్యరు."

"చెయ్యొద్దు," అన్నాను. ధైర్యంగా అనలేదు. ఏడుపొచ్చింది.

శనివారమంతా అటక మీద నోటుబుక్కుల కోసం వెతికాను. స్టూలెక్కి అట్టపెట్టెలు ఒక్కొక్కటే దింపాను. సగం చెదలు తిన్నాయి. పట్టుకుంటే చేతిలో పొడి అయిపోతున్నాయి. ఒక్కో బుక్కు తెరవడం, అది కాదని పక్కన పడేయడం. మూడో వారం బుక్కు తప్ప అన్నీ ఉన్నాయి. ఆ తప్పు బయటపడకూడదని ముప్పై మూడేళ్లు కోరుకున్నదాన్ని, అది చెదలపాలు కాకూడదని ఏ దేవుడికి మొక్కాలో తెలియక కనిపించిన దేవుడికల్లా మొక్కాను. శాలువాల బీరువా అడుగున దొరికింది. నేనే దాచాను కాబోలు, ఎవరికీ దొరక్కుండా. పెన్సిలు గీతలు వెలిసిపోయాయి. 'బిడ్డ' మాత్రం కనిపిస్తోంది.

ఆదివారం అఫిడవిట్ రాయడానికి కూర్చున్నాను. 'అనువాదంలో జరిగిన స్వల్ప లోపం' అని రాశాను. కొట్టేశాను. 'ప్రాంతీయ భాషాభేదం వల్ల' అని రాశాను. కొట్టేశాను. ఎన్ని ముసుగులున్నాయే నీ దగ్గర అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి "నేను తప్పు రాశాను" అని రాశాను. ఎప్పుడు తెలిసిందో మాత్రం రాయలేదు. ఎవరూ అడగలేదు కదా అనుకున్నాను.

సోమవారం ముగ్గురం మెట్రోలో వెళ్లాం. పదకొండన్నది పన్నెండయింది, రెండయింది. పెద్దసారు మీటింగులో ఉన్నారు. తల్లి నా సంచి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పెద్దదాన్ని నేను మోయకూడదని. పిల్ల ఫోన్లో కాలేజీ వెబ్‌సైటు తెరిచి పెట్టుకుని, చార్జింగు తగ్గకుండా వెలుగు తగ్గించి పెట్టుకుంది. మూడు. మూడున్నర. నాలుగు. గుమాస్తా దగ్గరికి నేను ఐదుసార్లు వెళ్లాను. ఐదోసారి చేతులు జోడించాను. జీవితంలో ఎవరికీ జోడించని చేతులు.

నాలుగుంపావుకి పెద్దసారు పిలిచారు. అఫిడవిట్ చదివారు. నోటుబుక్కు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టి చూశారు. నల్లగొండ అధికారి పక్కన నిలబడి రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్దసారు తల ఊపారు. పెన్ను మూత తీశారు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

"అప్పటికి మీకు ఈ ప్రాంతం భాష రాదు. అది అర్థమైంది," అన్నారు పెద్దసారు. "మరి తప్పని ఎప్పుడు తెలిసింది మీకు?"

మొన్న అనొచ్చు. ఈ పిల్ల వచ్చి చూపిస్తే తెలిసింది అనొచ్చు. కాదని చెప్పేవాళ్లు ఈ భూమ్మీద లేరు. గడియారం నాలుగు ఇరవై ఐదు చూపిస్తోంది. తల్లి నా కుడిపక్కన, నా సంచి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తోంది. నాలో ఏం తెగిందో నాకు తెలియదు. ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది, అంతే.

"ముప్పై మూడేళ్ల కిందట," అన్నాను.

పెద్దసారు పెన్ను కింద పెట్టారు. "తెలిసి కూడా, మొన్న ఈ కమిటీకి ఆ ఉత్తరం రాశారా?"

"రాశాను."

"అది కూడా అఫిడవిట్లో ఉండాలి మేడం. లేకపోతే రేపు ఎవరైనా కోర్టుకెళ్తే ఈ ఆర్డరు నిలవదు. టైపు చేయించుకు రండి."

ఆ ఒక్క వాక్యం టైపు చేయడానికి, మళ్లీ ప్రింటు తీయడానికి, ప్రతి పేజీ మీదా నేను సంతకం పెట్టడానికి, అది మళ్లీ లోపలికి వెళ్లి ఆర్డరుగా బయటికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆర్డరు పిల్ల చేతికొచ్చేసరికి ఐదూ ఐదు. పిల్ల ఫోటో తీసి, వేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. మళ్లీ. నల్లగొండ అధికారి తన ఫోన్లోంచి కాలేజీకి చేసి, "ఐదు నిమిషాలే గదా సార్, ఆడపిల్ల," అని బతిమాలాడు. సిస్టం మూసుకుంది, మా చేతుల్లో లేదన్నారు. ఆయన నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. సర్టిఫికెట్ ఖాయమైంది. సీటు పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలిన చేతులు మాత్రం నావి కావు.

మొదటి రోజు మా ఇంట్లో, సోఫాలో, ఆ రెండు మాటలు అని ఉంటే పన్నెండు రోజులుండేవి.

తల్లి ఏడవలేదు. తిట్టలేదు. తిట్టు తల్లీ అని కాళ్ల మీద పడాలనిపించింది. ఒళ్లోని సంచి తీసి నా చేతికిచ్చింది.

"పోదాం పాండ్రి మేడం," అంది.

మేడం. నలభై ఎనిమిదేళ్ల చుట్టరికం అక్కడితో చెల్లిపోయింది.

మెట్రోలో తల్లి దూరంగా, తలుపు దగ్గర, అటు తిరిగి నిలబడింది. నాకెవరో సీటు ఇచ్చారు. పిల్ల నా ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడింది. మలక్‌పేట దాటింది. ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది.

"మీ అమ్మమ్మని నేను మళ్లీ ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేదమ్మా," అన్నాను. "ఒక్కసారి."

"అమ్మమ్మకు ఎరుకనే మేడం."

"ఏంటి ఎరుక?"

"తప్పు రాసిన్రని. నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు మీ పుస్తకం చదివి తెలుగుల చెప్పిన. పొట్ట పట్టుకొని నవ్వింది. బిడ్డంటే ఎవరనుకున్నదో మా చెల్లె, ఒచ్చినప్పుడు చెప్త తీ, అన్నది. ఆ రోజు మీ ఇంట్ల చెప్దామనే అనుకున్న. పెద్దమనిషి ఇంటికి పోయి తప్పు వట్టొద్దని అమ్మ ముందే ఒట్టేయించుకున్నది."

"నేనొస్తానని అనుకుందా అక్క?" అన్నాను.

"ఎప్పుడు అదే ముచ్చట మేడం. చెల్లె గీ పట్నంలనే ఉంటది, ఒస్తది, అనేది. తొమ్మిదేండ్లున్నది మా కాడ, కర్మన్‌ఘాట్‌ల. ఆఖరికి దవాఖానల కూడ అడిగింది, చెల్లె ఒచ్చిందా అని."

కర్మన్‌ఘాట్‌కి మా ఇంటినుంచి ఆటోలో పావుగంట.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను కూర్చునే ఉన్నాను. పిల్ల వంగి, నా జబ్బ కింద చెయ్యి వేసి, నెమ్మదిగా లేపి నిలబెట్టింది.

"దిగండి మేడం," అంది. "మీ స్టేషన్ ఒచ్చింది."